చెత్త మిగలకుండా ముప్పై మందికి కార్తీక వనభోజనం: ఎలా చేయాలి

కార్తీకం దగ్గర పడిందంటే అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు. ప్లాస్టిక్ లేకుండా వనభోజనం కుదురుతుందా? గ్లాసులు ఎవరు కడుగుతారు? ఎంగిలి విస్తళ్లు ఎక్కడ పడేయాలి? ఖర్చు ఎక్కువవుతుందా?

కుదురుతుంది. విస్తళ్ల దగ్గర ఖర్చు కాస్త పెరుగుతుంది, నీళ్ల సీసాల దగ్గర అంతకంత తగ్గుతుంది. గ్లాసులు కడిగే పని లేకుండా చేసే ఉపాయం కింద ఉంది.

వనభోజనం చెత్త అనగానే చాలామందికి చివర్లో ఏరే పనే గుర్తొస్తుంది. తోటలో ఏరే చెత్తంతా రెండు రోజుల ముందు మనం కొట్టులో డబ్బులిచ్చి కొన్నదే. కొనకపోతే ఏరక్కర్లేదు. అందుకే ఈ పద్ధతిలో సగం పని ఇంట్లోనే అయిపోతుంది, తోటలో చేసేది తక్కువ.

కింది లెక్కలు 30 మందికి. మీ సంఖ్యను బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

కావాల్సినవి

- విస్తళ్లు 40 (పదో పరకో చిరుగుతాయి), దొన్నెలు 60
- స్టీలు గ్లాసులు: ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు, అదనంగా ఓ 5
- తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 3, చేతులకూ గిన్నెలకూ మరో 3
- కుళాయి ఉన్న డ్రమ్ము ఒకటి, పొడవు కాడ గరిటె ఒకటి
- గోనె సంచులు 2, మూత గట్టిగా పడే బకెట్ 1, పాత గుడ్డ సంచి 1
- చీపురు, చిన్న గునపం, పాత నూలు గుడ్డలు
- ఖాళీ టీ పొడి డబ్బా ఒకటి: అగ్గిపుల్లలు, వత్తుల కొసలు, రబ్బరు బ్యాండ్లు లాంటి చిన్న చెత్త కోసం
- ప్రతి ఇంటి నుంచి ఒక ఖాళీ టిఫిన్ డబ్బా. ఇది ఎందుకో 12వ అంచెలో చెబుతాను. దయచేసి దీన్ని వదిలేయకండి.

గుండిగలు, గంగాళాలు, గరిటెలు సప్లయర్స్ షాపులో (తెలంగాణలో టెంట్ హౌస్ అంటారు) అద్దెకు దొరుకుతాయి. స్టీలు గ్లాసులు కూడా అక్కడే ఉంటాయి. కార్తీక ఆదివారాల్లో గిరాకీ ఎక్కువ కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి.

1. చోటు చూసుకోండి

అన్నిటికంటే మేలు తెలిసిన రైతు మామిడి తోటో, కొబ్బరి తోటో. అడిగి వెళతారు, నీళ్లుంటాయి, ఎరువు గుంత ఉంటుంది. ఆ తర్వాత గుడి తోటలు, మరుగుదొడ్లున్న పార్కులు.

అడవే కావాలంటే అటవీ శాఖ సందర్శకులకు అనుమతించిన చోటికే వెళ్లండి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, మూడు రాళ్ల పొయ్యి కూడా అందులోకే వస్తుంది. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం రెండూ పులుల అభయారణ్యాలు. శ్రీశైలం వెళ్తూ దారిలో ఎక్కడో ఒక చెట్టు చూసి బండ్లు ఆపి తినేద్దాం అనుకోకండి.

వంద మంది దాటే సభ అయితే పురపాలక సంఘానికో పంచాయతీకో కనీసం మూడు పనిదినాల ముందు తెలపాలని, చెత్తను వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఉంది. సంఘాల పేరుతో పెద్ద ఎత్తున చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ముందే చెబితే చెత్త బండి ఎప్పుడొస్తుందో కూడా తెలుస్తుంది.

2. గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి

పది మెసేజ్‌లు పెడితే ఎవరూ చదవరు. ఇలా ఒకటి చాలు:

“ఆదివారం వనభోజనానికి ప్రతి ఒక్కరూ తమ గ్లాసు, ప్రతి ఇల్లూ ఒక ఖాళీ టిఫిన్ డబ్బా తెచ్చుకోవాలి. నీళ్ల సీసాలు, పేపర్ కప్పులు, చిప్స్ ప్యాకెట్లు తేవద్దు. పిల్లలకు చిరుతిండి మేమే చేస్తున్నాం.”

ఆ చివరి వాక్యం ముఖ్యం. ప్యాకెట్లు వద్దని చెప్పి, బదులు ఏమీ పెట్టకపోతే పిల్లలున్న వాళ్లు తెచ్చి తీరతారు. జంతికలు, వేరుశనగ ఉండలు, ఉడికించిన పల్లీలు చేసి పెడితే ఆ గొడవే ఉండదు. శనివారం రాత్రి ఇంకోసారి అదే మెసేజ్ పెట్టండి.

3. విస్తళ్లు కొనేటప్పుడు చింపి చూడండి

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ లాంటివి 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. దాంతో కొట్లలో కాగితం పేరుతో, ఆకు పేరుతో రకరకాల ప్లేట్లు వచ్చాయి. వెండి రంగులో మెరిసే కాగితం ప్లేట్ల పైన ఉండేది సాధారణంగా ప్లాస్టిక్ పొరే. మెషిన్ మీద ఒత్తిన “ఆకు ప్లేట్ల”లో కొన్నింటికి పైన ఆకు, కింద అట్ట, మధ్యలో పల్చటి కవరు ఉంటాయి. చూడ్డానికి ఎంతో శుద్ధంగా ఉంటాయి, మట్టిలో వేస్తే ఆకు పోయి కవరు మిగులుతుంది.

కొట్టులోనే ఒకటి తీసుకుని అంచు దగ్గర నెమ్మదిగా చింపండి. ఆకు, కాగితం గరుగ్గా తెగుతాయి. ప్లాస్టిక్ పొర ఉంటే తెగకుండా సాగి, చిరిగిన చోట పల్చగా, పారదర్శకంగా బయటికి వస్తుంది. అనుమానం తీరకపోతే ఒకటి ఇంటికి తెచ్చి వేడినీళ్లలో పావుగంట నానబెట్టి గోటితో గీకి చూడండి. పేపర్ కప్పులకూ ఇదే పరీక్ష. నీళ్లు కారకుండా ఉండడానికి వాటి లోపల సాధారణంగా ప్లాస్టిక్ పూత వేస్తారు, కాబట్టి అవి మట్టిలో కలవవు.

ఏవి కొనాలి? ఉత్తరాంధ్ర ఏజెన్సీలో అడ్డాకులతో కుట్టినవి, తెలంగాణలో మోదుగాకులతో కుట్టినవి దొరుకుతాయి. పుల్లలతో కుట్టినవే తీసుకోండి. కొన్నింటికి స్టాప్లర్ పిన్నులు కొడుతున్నారు. తినేవాడి నోట్లోకీ, ఎంగిలాకు నమిలే గేదె కడుపులోకీ వెళ్లేది ఆ పిన్నే. ఒకటి తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. కోనసీమ వైపు వాళ్లకు అరటాకు ఉండనే ఉంది. వక్క పట్ట ప్లేట్లు గట్టిగా ఉంటాయి కానీ ధర ఎక్కువ, కుళ్లడానికి సమయమూ ఎక్కువ పడుతుంది.

ఎండిన విస్తళ్లు తెచ్చిన కట్టను అలాగే విప్పి వడ్డిస్తే పెళుసుగా విరిగి సాంబారు కారుతుంది. “అందుకే ప్లాస్టిక్ వాడేది” అనే మాట అప్పుడే వినిపిస్తుంది. వడ్డనకు గంట ముందు కట్ట విప్పి నీళ్లు చిలకరించి, తడి గుడ్డ కప్పి ఉంచండి. ఆకు మెత్తబడి వంగుతుంది, విరగదు. అరటాకులైతే ఈనె మీద కాస్త సెగ చూపించి, చుట్టగా చుట్టి తడి గుడ్డలో తీసుకెళ్లండి.

4. నీళ్లు

చిన్న సీసాల పెట్టె కొనడం తేలికే. కానీ అక్కడ జరిగేది ఏమిటంటే, సీసా తెరిచి నాలుగు గుక్కలు తాగి ఎక్కడో పెడతారు, ఏది ఎవరిదో తెలియక ఇంకొకటి తెరుస్తారు. సాయంత్రానికి తోట నిండా సగం నీళ్లున్న సీసాలే.

తిరిగి ఇచ్చేసే 20 లీటర్ల క్యాన్లు తెప్పించండి. మనిషికి రెండు లీటర్లు తాగడానికి సరిపోతాయి. క్యాన్ మూత మీది ప్లాస్టిక్ సీలు ఇంట్లోనే పీకేసి బయల్దేరండి. గ్లాసును క్యాన్‌లో ముంచనివ్వకండి, పొడవు కాడ గరిటెతో పోయండి, లేదా కుళాయి బిగించండి. కొత్త కుండ ఒకటి తీసుకెళ్తే చల్లగానూ ఉంటుంది.

గ్లాసులు కలిసిపోతాయనే భయం ఉంటే గ్లాసు అడుగున గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టండి. ఇంటికో రంగు. ఇల్లు చేరాక గోళ్ల రంగు తీసే ద్రావకంతో (రిమూవర్) తుడిస్తే పోతుంది. ఎవరి గ్లాసు వాళ్లదే కాబట్టి కడిగేది కూడా వాళ్లే, అదీ ఇంటికెళ్లాక.

5. బియ్యం లెక్క

మిగిలిన అన్నమే వనభోజనాల్లో అతి పెద్ద చెత్త. నాలుగు రకాలు చేస్తున్నప్పుడు ఒక్కో రకానికీ 30 మందికి సరిపడా వండడం అందరూ చేసే పొరపాటు.

కేజీ బియ్యం 8 నుంచి 10 మందికి వస్తుంది. అంటే 30 మందికి అన్ని అన్నాలూ కలిపి మూడున్నర కేజీలు చాలు. పులిహోరకు కేజీన్నర, తెల్లన్నానికి కేజీ, దద్దోజనానికి కేజీ. పిల్లలు ఎక్కువుంటే మొత్తం మూడు కేజీలకే ఆపండి. గారెలు, బూరెలు ఉన్నాయంటే అన్నం ఇంకా తగ్గుతుంది. తక్కువైతే ఎలా అని టెన్షన్ పడేవాళ్లు రెండు డజన్ల అరటిపళ్లు, కేజీ అటుకులు వెంట ఉంచుకోండి. వండిన అన్నంలా కాదు, అటుకులు మిగిలితే ఇంటికొస్తాయి.

పెరుగు కప్పులు, పచ్చడి సాచెట్లు కొనొద్దు. దద్దోజనానికి పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపి స్టీలు క్యాన్‌లో తీసుకెళ్తే మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. పప్పు, కూర మధ్యాహ్నమే అయిపోవాలి, సాయంత్రం దాకా ఉంచి తినొద్దు.

6. క్యాటరింగ్‌కు ఇస్తున్నారా?

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసివ్వండి: నీళ్ల సీసాలు వద్దు, విస్తళ్లు మావే, సాంబారు, పచ్చళ్లు స్టీలు పాత్రల్లోనే రావాలి, కవర్లలో కట్టి తేకూడదు. నోటిమాటగా చెబితే ఆదివారం పొద్దున వచ్చే కుర్రాడికి ఆ సంగతి తెలియదు, అలవాటు ప్రకారం అన్నీ బండిలో ఎక్కించేస్తాడు. సీసాలకు కట్టే డబ్బు బిల్లులో తగ్గించమని అడగండి.

7. పై తొడుగులన్నీ ఇంట్లోనే వదిలేయండి

శనివారం రాత్రి సామాన్లన్నీ ఒకచోట పెట్టి, ఏది విప్పితే చెత్త వస్తుందో అది అక్కడే విప్పేయండి. కర్పూరం ప్యాకెట్, అగరుబత్తి కవరు, పసుపు కుంకాల పొట్లాలు, నూనె ప్యాకెట్, బిస్కెట్ల పైకవరు. అన్నీ డబ్బాల్లోకి మార్చండి. పదిహేను నిమిషాల పని, తోటలో ఏరే పని సగానికి తగ్గిపోతుంది.

పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించొద్దు. సగం దాకా కోసి వదిలితే ఆ ముక్క ప్యాకెట్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. తెగి పడిన ముక్క గడ్డిలో ఎవరికీ కనపడదు, మేతకొచ్చిన మేకకు మాత్రం దొరుకుతుంది.

బ్యానరు కట్టాలనుంటే గుడ్డ మీద రాయించండి, సంవత్సరం వేయించకండి. వచ్చే ఏడాదీ పనికొస్తుంది. బెలూన్లు మాత్రం అసలు వద్దు. పగిలిన ముక్కలు ఏరడం ఎవరి వల్లా కాదు.

8. చేరగానే మొదటి పావుగంట

సామాన్లు దించకముందే తలెత్తి పైకి చూడండి. తేనెపట్టు ఉందంటే ఆ చెట్టు వదిలేయండి. కింద పొయ్యి పొగ, అగరుబత్తి పొగ తగిలిందంటే తేనెటీగలు లేస్తాయి. వనభోజనాల్లో జరిగే ప్రమాదాల్లో ఇది మామూలుగా వినేదే. పుట్టలు, బొరియలు ఉన్న వైపు పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

తర్వాత చోటును నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. చివర్లో పోల్చుకోవడానికి.

ఇక చెత్త చోటు. భోజనాల వరసకు పది అడుగుల దూరంలో, చేతులు కడిగే దారిలోనే మూడూ పక్కపక్కన పెట్టండి: విస్తళ్లకు గోనె సంచి, మిగిలిన తిండికి మూత బకెట్, పొడి చెత్తకు గుడ్డ సంచి. చేతులు కడిగే దారికి ఎదురు వైపు పెడితే ఎవరూ అంత దూరం నడవరు. ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. “అందరూ చూసుకోండి” అంటే ఎవరూ చూడరు. ఆరేడు తరగతుల పిల్లలు ఈ పనికి బాగా పనికొస్తారు, పెద్దవాళ్లను మొహమాటం లేకుండా వెనక్కి పిలుస్తారు.

9. ఉసిరి చెట్టు, దీపం

ఉసిరి చెట్టు లేని చోట ఎక్కడినుంచో ఒక కొమ్మ విరిచి తెచ్చి నేలలో గుచ్చి పూజ చేస్తుంటారు. దానికి బదులు నర్సరీలో కుండీ మొక్క కొనండి. పూజ దానికే చేయండి.

చెట్టు ఉంటే దీపాన్ని మొదలుకు ఆనించి పెట్టకండి, బెరడు కాలుతుంది. మూడు అడుగులు ఇవతల, చుట్టూ ఎండుటాకులు ఊడ్చేసి, తడి మట్టి మీద ప్రమిద పెట్టండి. 365 వత్తులు ఒకేసారి వెలిగించేవాళ్లు వెడల్పాటి మట్టి మూకుడులో వెలిగించాలి, ఆ మంట అనుకున్నదానికంటే ఎత్తు లేస్తుంది. అది ఆరేదాకా ఒకరు పక్కనే ఉండాలి.

వాగులో దీపం వదలాలనుంటే అరటి దొప్ప. రేవుల దగ్గర థర్మోకోల్, రంగు ప్లాస్టిక్ గిన్నెల్లో దీపాలు అమ్ముతుంటారు, అవి కొనకండి. దొప్పలో కూడా నూలు వత్తి, నూనె, పూలు మాత్రమే పెట్టండి. మెరుపు కాగితాలు అంటించిన దొప్పలూ వస్తున్నాయి, జాగ్రత్త.

10. పొయ్యి

ఇంట్లో వండుకుని వెళ్లడం అన్నిటికంటే సులువు. అక్కడే వండాలంటే గ్యాస్ పొయ్యి, గాలికి అడ్డంగా రేకు. కట్టెల పొయ్యి అయితే యజమాని ఒప్పుకున్న తోటలోనే, కొమ్మలకు దూరంగా, జానెడు లోతు గుంత తీసి పెట్టండి. ఎండి రాలినవే కాల్చండి, పచ్చి కొమ్మ నరికినా కాలదు, పొగే వస్తుంది.

ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ నీళ్లు పోయండి. తర్వాత అరచేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరనట్టే. మట్టి కప్పేసి వెళ్లిపోతే లోపల నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది.

11. వడ్డన, చేతులు, గిన్నెలు

బఫే పెట్టకండి. వరసలో కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తే పారేసేది బాగా తగ్గుతుంది. మొదటి వడ్డన తక్కువ, మారు వడ్డన అడిగినంత.

చేతులు డ్రమ్ము కుళాయి దగ్గర కడగాలి. వాగులో కాదు. గిన్నెలకు అంటుకున్నది ముందు ఎండుటాకుతో తుడిచి, ఆ ఆకు గోనె సంచిలో వేసి, గిన్నెలు ఇంటికే తెచ్చుకోండి. తప్పదు, అక్కడే తోమాలి అంటే నీటి అంచుకు కనీసం 200 అడుగుల దూరంలో తోమి, ఆ నీళ్లు పొడి నేల మీద పారబోయండి.

“సబ్బు కాదు, కుంకుడుకాయే కదా” అని చాలామంది వాగులోనే తోమేస్తారు. కుంకుడు రసం చేపలకు విషం. దాని నురగకు కారణమైన పదార్థమే చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ప్రకృతిలో దొరికిందల్లా ప్రకృతిలో ఎక్కడ పడితే అక్కడ పారబోయొచ్చని లేదు.

తడి టిష్యూలు (బేబీ వైప్స్) ఎక్కువ భాగం ప్లాస్టిక్ నారతో చేసినవే, నూలు గుడ్డలు తడిపి పెట్టుకోండి. డైపర్లు, ప్యాడ్లు పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి వెనక్కి తేవాలి, వాటికో చిన్న సంచి విడిగా పెడితే అడగడానికి ఎవరూ ఇబ్బంది పడరు.

12. మిగిలిన తిండి

ఇప్పుడు ఆ టిఫిన్ డబ్బాలు. భోజనాలు అవగానే, సాయంత్రం దాకా ఆగకుండా, ముట్టని అన్నం, కూరలు ఇంటింటి డబ్బాలో సర్దేయండి. ఎవరూ మొహమాటపడరు, అందరి చేతిలోనూ డబ్బా ఉంటుంది కాబట్టి.

ఎంగిలి మెతుకులు మూత బకెట్‌లోకి. కింది మూడూ చేయకండి.

కోతులకు పెట్టడం. మనిషి చేతి తిండికి అలవాటు పడిన కోతులు రోడ్డు పక్కన కాపు కాస్తాయి, బండ్ల కింద పడతాయి, తర్వాత వచ్చేవాళ్ల సంచులు లాక్కుంటాయి. ఘాట్ రోడ్లలో ఇది మీరు చూసే ఉంటారు.

ఆవులకు కుప్పగా పోయడం. పుణ్యం అనుకునే చేస్తారు. వండిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే పశువు కడుపులో పులిసి, ఆమ్లం పెరిగి, ప్రాణం మీదికి వస్తుంది. పెట్టాలనుంటే అరటి తొక్కలు, కూరగాయల చెక్కులు పెట్టండి. ఏదైనా సరే కవరులో కట్టి పడేయొద్దు, ఆవు కవరు విప్పుకోలేదు, కవరుతో సహా మింగుతుంది.

“మట్టిలో కలిసేదే” అని తొక్కలు, కొబ్బరి చిప్పలు విసిరేయడం. కమలా తొక్కలు వారాల తరబడి అక్కడే ఉంటాయి. కొబ్బరి చిప్పలో వాన నీళ్లు నిలిస్తే దోమలు.

13. ఏరడం, సరిచూసుకోవడం

బయల్దేరడానికి అరగంట ముందు అందరినీ లేపండి. చెదురుమదురుగా ఏరితే ఒకే చోట నలుగురు వెతుకుతారు, మిగతా చోట్లు వదిలేస్తారు. చేయి చాచినంత దూరంలో అందరూ ఒకే వరసలో నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడవండి. తర్వాత అదే నేల మీద అడ్డంగా ఇంకోసారి. రెండోసారి దొరికేవి చూస్తే ఆశ్చర్యపోతారు: రబ్బరు బ్యాండ్లు, పిన్నీసులు, చాక్లెట్ కాగితాలు, మందు బిళ్లల రేకులు. పిల్లలకు పోటీ పెట్టండి, పెద్దవి కాదు, అతి చిన్నది ఎవరు తెస్తే వాళ్లదే గెలుపు.

సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవడానికి:

- పొద్దున తీసిన నాలుగు ఫోటోలు తెరిచి, అదే చోట నిలబడి పోల్చండి.
- క్యాన్లు, మూతలు, గరిటెలు, గ్లాసులు తెచ్చిన లెక్కకు సరిపోవాలి.
- పొడి చెత్త గుడ్డ సంచిలో సగం కూడా నిండకూడదు. 30 మందికి సంచి పొంగిపోయిందంటే ఎవరో ప్యాకెట్లు తెచ్చారు, లేదా 7వ అంచె వదిలేశారు. పైనున్న నాలుగు వస్తువులు చూస్తే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. వచ్చే ఏడాది మెసేజ్‌లో ఆ వస్తువు పేరు రాయండి.
- బకెట్‌లో అన్నం సగానికి మించితే బియ్యం లెక్క అరకేజీ తగ్గించండి.

మీ ముందు వచ్చినవాళ్లు వదిలేసిన చెత్త కూడా ఏరాలా అని అడుగుతుంటారు. ఓపికుంటే గాజు ముక్కలు, కవర్లు తీయండి. గాజు ముక్కల్ని చేత్తో కాదు, రెండు రేకులతో ఎత్తి డబ్బాలో వేయాలి. మొత్తం ఏరాలని పెట్టుకుంటే మీవాళ్లు వచ్చే ఏడాది రారు.

14. ఇంటికొచ్చాక

రైతు తోట అయితే అడిగి విస్తళ్ల సంచి ఆయన ఎరువు గుంతలోనే వేయండి, పైన మట్టి కప్పండి. లేకపోతే వెనక్కి తేవాలి. తగలబెట్టకండి, చెట్టు కింద కుప్పగా వదలకండి, కుక్కలు రాత్రికి తోటంతా లాగేస్తాయి.

ఇంట్లో ఎరువు చేసుకునేవాళ్లు విస్తళ్లను అరచేతంత ముక్కలుగా చింపి, పొర ఆకు, పొర మట్టి వేస్తూ, పులిసిన మజ్జిగ చల్లి తడిగా ఉంచండి. అడ్డాకు, మోదుగాకు మందం కాబట్టి నెలలు పడుతుంది. పుల్లలు ఆఖరున కుళ్లుతాయి, జల్లించేటప్పుడు వచ్చినవాటిని మళ్లీ గుంతలో వేయండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది, ఎండుటాకులు కలపండి. చీమలు పట్టాయంటే తడి తక్కువైంది. ఆ ఓపిక లేనివాళ్లు మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు విస్తళ్లు, మెతుకులు తడి చెత్తలో, మిగతావి పొడి చెత్తలో విడివిడిగా ఇస్తే చాలు. రెండూ కలిపి ఇస్తే ఇంతసేపు చేసిందంతా వృథా.

మరి మొక్క నాటాలా?

ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది కాబట్టి చివర్లో పెడుతున్నాను. పూజ చేసిన ఉసిరి మొక్కను అక్కడే నాటి, ఫోటో దిగి రావడం ఆనవాయితీ అయిపోయింది. నా మాట వింటే నాటకండి. కార్తీకం అంటే వానలు వెనకబట్టే సమయం. ముందు ఉన్నది శీతకాలం, ఆ తర్వాత ఎండాకాలం. నీళ్లు పోసేవాళ్లు లేని చోట మే నెల దాటి బతికే మొక్కలు తక్కువ.

కుండీని ఇంటికి తెచ్చుకోండి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టి, పైమట్టి ఆరినప్పుడల్లా నీళ్లు పోయండి. వేసవిలో పొద్దునా సాయంత్రం. ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాక, నీళ్లు పోసే మనిషి ఉన్న చోట, బడిలోనో, గుడి ఆవరణలోనో, ఆ తోట రైతు ఒప్పుకుంటే ఆయన గట్టు మీదో నాటండి. రెండడుగుల గుంత, మాగిన పశువుల ఎరువు, చుట్టూ ముళ్లకంప. అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. ఒంటి ఉసిరి చెట్టు సరిగా కాయదు, కాబట్టి వీలుంటే రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన నాటండి. నర్సరీలో కొనేటప్పుడే ఆ మాట చెప్పి అడగాలి, లేకపోతే ఒకే రకానివి రెండు ఇచ్చి పంపుతారు.